రెండు ఊళ్ల ఓటరు

2017 మార్చి 3న నింటెండో కంపెనీ అమ్మకానికి పెట్టిన ‘స్విచ్’ అనే గేమ్ కన్సోల్‌కి రెండు ఊళ్లలో ఓటుంది. ఒకటి, టీవీ కింద బల్ల మీద కదలకుండా కూర్చునే హోమ్ కన్సోళ్ల ఊరు. సోనీ ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ కాపురం ఉండేది అక్కడే. రెండోది, బస్సులోనో మంచం మీదనో చేత్తో పట్టుకుని ఆడుకునే హ్యాండ్‌హెల్డ్‌ల ఊరు. గేమ్‌బాయ్, డీఎస్, 3డీఎస్ పుట్టి పెరిగిన ఊరది. స్విచ్‌ని పట్టుకుని నీ ధరెంత అని అడిగితే మొదటి ఊరి అడ్రసు చెబుతుంది. నీ సత్తా ఎంత అని అడిగితే రెండో ఊరి అడ్రసు చూపిస్తుంది. అమ్మకాల లెక్క తేల్చే రోజున మాత్రం రెండు ఊళ్లలోనూ వేలికి సిరా పూయించుకుని ఇంటికొస్తుంది. ఇదేం పద్ధతి అని నిలదీయాల్సిన పత్రికలు, విమర్శకులు, అభిమానులు కలిసి దీనికి ‘హైబ్రిడ్’ అని బిరుదిచ్చి శాలువా కప్పారు. పెట్టె మంచిదే, దాంతో పేచీ లేదు. దాని మీద అంటించిన చీటీ ఎవరికి ఎప్పుడు ఎలా పనికొస్తోందన్నదే ఇక్కడి విచారణ.

ఈ చీటీ ఎలా తయారైందో తెలియాలంటే 2016 అక్టోబర్ 20న వచ్చిన మొదటి ప్రకటన వీడియో చూడాలి. ఒక యువకుడు ఇంట్లో సోఫాలో కూర్చుని పెద్ద టీవీలో జెల్డా ఆడుతుంటాడు. పక్కన కుక్క. దాన్ని తిప్పుకురావాలి. టీవీ పక్కనున్న స్టాండులోంచి పలక లాంటిదాన్ని పైకి లాగుతాడు, పక్కల రెండు చిన్న కంట్రోలర్లు తగిలిస్తాడు, పార్కు బెంచీ మీద అదే ఆట కొనసాగిస్తాడు. తర్వాత విమానంలో ఒకాయన, బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన కుర్రాళ్లు, మేడ మీద పార్టీకి స్నేహితుల మధ్యకి గేమ్ పట్టుకొచ్చిన ఒక అమ్మాయి. ఆ పార్టీ సీన్ మీద ఇంటర్నెట్ వేసినన్ని జోకులు ఏ తెలుగు సినిమా ఫైటు మీదా వేసి ఉండదు. కానీ నవ్వులో పడి జనం గమనించనిది సీన్ల వరస. కథ ఇంట్లోనే మొదలవుతుంది, టీవీ ముందు. బయటికి వెళ్లడం తర్వాతి సంగతి. కంపెనీ ప్రకటనల్లోని వాక్యం కూడా అదే వరసలో నడిచింది: ఇది ఇంట్లో ఆడుకునే గేమింగ్ సిస్టమ్, కావాలంటే వెంట తీసుకెళ్లొచ్చు. చేతిలో ఆడుకునేది, కావాలంటే టీవీకి తగిలించొచ్చు అని ఎవరూ అనలేదు. రెండు వాక్యాలూ ఒకే వస్తువు గురించి చెప్పేవే, రెండూ నిజాలే. అయినా మొదటిది వందల కోట్ల డాలర్ల వాక్యం, రెండోది చిల్లర వాక్యం. ఎందుకో డబ్బు దగ్గరికొచ్చినప్పుడు చూద్దాం. ముందు పెట్టె విప్పుదాం.

ఇంటి సంగతి చూసుకునేది డాక్ అనే ఆ ప్లాస్టిక్ స్టాండు కాబట్టి, హోమ్ కన్సోల్ ఉండాల్సింది అందులోనే. విప్పి చూస్తే లోపల ఒక చిన్న సర్క్యూట్ బోర్డు, కరెంటుకి ఒక దారి, టీవీకి వెళ్లే హెచ్‌డీఎంఐకి ఒక దారి, కొన్ని యూఎస్‌బీ రంధ్రాలు. మిగతాదంతా గాలి. ఆట నడిపే ప్రాసెసర్ లేదు, మెమరీ లేదు. అమెరికాలో ఈ గాలిని, దాంతోపాటు అడాప్టర్‌ని, కేబుల్‌ని కలిపి విడిగా 89.99 డాలర్లకి అమ్మారు. అసలు యంత్రమంతా 6.2 అంగుళాల తెర ఉన్న ఆ పలకలోనే ఉంది. దాని గుండెకాయ ఎన్‌విడియా వారి టెగ్రా ఎక్స్1 చిప్పు. అదే జాతి చిప్పు 2015లోనే ఎన్‌విడియా షీల్డ్ టీవీ పెట్టెలో, గూగుల్ పిక్సెల్ సి టాబ్లెట్‌లో వచ్చింది. డాక్‌లో కూర్చోబెడితే చిప్పులోని గ్రాఫిక్స్ భాగం 768 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. పైకి లాగితే బ్యాటరీ ఆదా కోసం ఆ వేగం సగానికి అటూ ఇటూగా పడిపోతుంది. బల్ల మీద ఉండే పెద్ద యంత్రాన్ని కుదించి చేతికిచ్చారన్నది ప్రకటన మనకి కల్పించిన భ్రమ. జరిగింది తిరగేసి: చేతిలో పట్టే యంత్రానికి కరెంటు అందించి, కాస్త పరుగు పెట్టించి, టీవీకి తగిలించారు. ఆ పని కూడా కొత్తది కాదు. 1995లో సెగా అమ్మిన నోమాడ్‌ని చేతిలో పట్టుకుని ఆడొచ్చు, తీగ వేసి టీవీలోనూ ఆడొచ్చు. సోనీ పీఎస్‌పీ 2007 మోడల్‌కీ టీవీకి పోయే దారి ఉంది. వాటిని ఎవరూ హోమ్ కన్సోల్ అనలేదు, హైబ్రిడ్ అని శాలువా కప్పనూ లేదు. తీగ తగిలించడం కంటే స్టాండులో కూర్చోబెట్టడం హాయి, అది ఒప్పుకోవాల్సిందే. ఆ హాయికి ఎంత గౌరవం ఇచ్చినా, దాంతో హ్యాండ్‌హెల్డ్ కాస్తా హోమ్ కన్సోల్ అయిపోదు.

మరి ఆ చీటీకి ఎందుకంత పట్టుదల? హ్యాండ్‌హెల్డ్‌ల ఊళ్లో ధరల బోర్డు వేరు కాబట్టి. 3డీఎస్‌ని 2011 మార్చిలో 249.99 డాలర్లకి అమెరికాలో దించితే జనం ముఖం తిప్పేసుకున్నారు. అయిదు నెలలు తిరక్కుండానే ఆగస్టులో 169.99కి తగ్గించి కంపెనీ లెంపలేసుకోవాల్సి వచ్చింది. చేతిలో ఆడుకునేదానికి 250 డాలర్లే ఎక్కువని బజారు అప్పటికే తీర్పు చెప్పేసింది. అదే స్విచ్‌ని 299.99కి పెడితే? పక్కన ప్లేస్టేషన్ 4 కూడా దాదాపు అదే ధరకి ఉంది కాబట్టి హోమ్ కన్సోల్ అనగానే ఆ అంకె న్యాయంగా కనబడింది. హ్యాండ్‌హెల్డ్ అని ఉంటే 3డీఎస్ మీద వంద డాలర్లకి పైగా ఎందుకెక్కువ అని ప్రతి తండ్రీ అడిగేవాడు. పైగా 3డీఎస్ అప్పటికింకా అమ్ముడవుతోంది. స్విచ్ దాని స్థానంలో వస్తున్నది కాదని కంపెనీ పెద్దలు పదేపదే చెప్పారు, చెప్పినట్టే స్విచ్ వచ్చిన నాలుగు నెలలకి న్యూ 2డీఎస్ ఎక్స్ఎల్ అనే ఇంకో హ్యాండ్‌హెల్డ్‌ని కూడా బజార్లోకి దించారు. ఒకే ఇంటికి రెండు పెట్టెలు అమ్మాలంటే రెండూ ఒకే రకం అనకూడదు కదా.

పెట్టె ధర చిన్న విషయం, ఒకసారితో పోతుంది. అసలు పంట ఆటల మీద. 3డీఎస్ ఊళ్లో కొత్త ఆట మామూలు ధర 39.99 డాలర్లు. హోమ్ కన్సోళ్ల ఊళ్లో 59.99. పోకెమాన్ సన్, మూన్ 2016లో 3డీఎస్ మీద 39.99కే దొరికాయి. 2019లో పోకెమాన్ స్వోర్డ్, షీల్డ్ స్విచ్ మీద 59.99. ఆడే పిల్లవాడు అదే మంచం మీద అదే భంగిమలో పడుకుని ఉన్నాడు. మారింది పెట్టె మీది చీటీ. ఇంకా స్పష్టమైన సాక్ష్యం లుయీజీస్ మాన్షన్ రెండో భాగం. 2013లో 3డీఎస్ మీద దాని ధర 39.99. పదకొండేళ్ల తర్వాత, 2024 జూన్‌లో, అదే ఆట బొమ్మలు నునుపు చేసి స్విచ్ మీదికొస్తే 59.99. పదకొండేళ్ల పాత సరుకు ధర తగ్గడం లోక రీతి. ఇది ఊరు మారింది కాబట్టి రేటు పెరిగింది.

దీనికో సమాధానం ఉంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పెద్ద తెరకి, ఎక్కువ స్పష్టతకి ఆట తయారు చేయాలంటే మనుషులు ఎక్కువ కావాలి, ఏళ్లు ఎక్కువ పడతాయి, ఖర్చు ఎక్కువవుతుంది. కాబట్టి ధర పెరిగింది చీటీ వల్ల కాదు, పనివల్ల అంటారు. జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ లాంటి దాని విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. ఏళ్ల తరబడి వందలమంది చెమటోడ్చిన ఆటకి 60 డాలర్లు అన్యాయమని ఎవరూ అనరు. కానీ ధర పనిని బట్టే అయితే, పనిలో తేడా ఉన్నచోట ధరలోనూ తేడా కనబడాలి. 1993 నాటి గేమ్‌బాయ్ ఆట లింక్స్ అవేకెనింగ్‌ని 2019లో ముచ్చటగా కొత్త బొమ్మలతో తిరిగి కట్టారు. అందంగానే ఉంది. ద్వీపమదే, గుహలవే, కథ అదే, బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో ఒక మూలకి కూడా చాలదు. ధర మాత్రం దానితో సమానంగా 59.99. కొబ్బరిబోండం, కొబ్బరితోట ఒకే రేటు. ఖర్చుని బట్టి ధర నిర్ణయమైతే ఈ సమానత్వం ఎక్కణ్నుంచి వచ్చింది? బోర్డు మీద ఊరి పేరు మారింది కాబట్టి వచ్చింది. కొనేవాళ్లు తెలివితక్కువవాళ్లా అంటే కారు. ధర ఎక్కువా తక్కువా అన్నది ఎవరైనా దేనితోనో పోల్చుకునే తేల్చుకుంటారు. చీటీ చేసే పనల్లా దేనితో పోల్చాలో ముందే మన చెవిలో ఊదడం.

ఇప్పుడు రెండో అడ్రసుకి వద్దాం. ప్లేస్టేషన్ 4 ధరే కదా, ఆ ఆటలన్నీ దీని మీద ఎందుకు రావు, వచ్చినా ఎందుకు మసకబారతాయి అని ఎవరైనా అడిగారా, స్వరం ఒక్కసారిగా మారిపోతుంది. “చేతిలో పట్టేది కదండీ, ఈమాత్రం నడవడమే గొప్ప!” 2019 అక్టోబర్‌లో విచర్ 3 అనే భారీ ఆట స్విచ్ మీదికి వచ్చింది. చేతిలో ఆడేటప్పుడు దాని స్పష్టత 540పీ దగ్గర ఉండేది. దూరంగా ఉన్న చెట్లు ముద్దపప్పులా కనబడేవి. డాక్‌లో పెట్టినా 720పీ దాటేది కాదు. అంత పెద్ద ఆటని 32 జీబీ కార్డులో ఇమిడ్చిన ఇంజనీర్లకి దండం పెట్టాల్సిందే, అది సామాన్యమైన పని కాదు. కానీ దానికి జనం పెట్టిన పేరు చూడండి: అసాధ్యాన్ని సాధ్యం చేసిన పోర్టు. హోమ్ కన్సోల్ ధర తీసుకున్న పెట్టెకి హోమ్ కన్సోల్ ఆట నడవడం అసాధ్యం ఎందుకవ్వాలని అడిగినవాడు లేడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఒకటుంది. ఇక్కడ మద్దెల ఓటిదని కొన్నవాడే ముందుకొచ్చి అమ్మినవాడి తరఫున వాదిస్తాడు, పైగా ఓటి మద్దెల మీద ఇంత బాగా వాయించారని చప్పట్లు కొడతాడు. ఏ కంపెనీ అయినా ప్రకటనల బడ్జెట్‌తో కొనలేనిది ఈ ఉచిత వకాల్తాయే.

ఈ వకీళ్లలో ఇంకో తెగ ఉంది, తరాల పంచాయితీ పెట్టేవాళ్లు. స్విచ్ ఎనిమిదో తరం కన్సోలా, తొమ్మిదో తరమా? స్విచ్‌కి ముందు నింటెండో తెచ్చిన హోమ్ కన్సోల్ వీ యూ 2012లో వచ్చి ఎనిమిదో తరం అయింది కాబట్టి దాని తర్వాతిది తొమ్మిదో తరం అని ఒక పక్షం. ప్లేస్టేషన్ 4తో పోటీ పడింది కాబట్టి ఎనిమిదే అని మరో పక్షం. గోత్రం తేలకపోతే పెళ్లి ఆగిపోయేంత పట్టుదల. తరాల లెక్క మొదట చరిత్ర రాసుకునేవాళ్లు తమ వీలు కోసం గీసుకున్న గీత. గీత మీద కాలు పడిందా లేదా అని కొట్టుకోవడం వల్ల ఆడేవాడికి ఒక్క ఆట కూడా కొత్తగా రాలేదు.

ఇక సిరా చుక్క పడే రోజు. 2021 ఆఖరుకి స్విచ్ అమ్మకాలు నింటెండో పాత హోమ్ కన్సోల్ వీ సంఖ్యని, అంటే 10 కోట్ల 16 లక్షలని, దాటాయి. నింటెండో హోమ్ కన్సోళ్లలో ఇదే అగ్రగామి అని శీర్షికలు వచ్చాయి. ఆ తర్వాత ప్లేస్టేషన్ 4ని దాటింది, మళ్లీ హోమ్ కన్సోళ్ల పండగ. గేమ్‌బాయ్ 11 కోట్ల 86 లక్షలని దాటింది, ఈసారి హ్యాండ్‌హెల్డ్‌ల వైపు బాజాలు. 15 కోట్లు దాటాక, 15 కోట్ల 40 లక్షల డీఎస్ రికార్డుతో పందెం మొదలైంది, డీఎస్ నిఖార్సైన హ్యాండ్‌హెల్డ్ అని తెలిసీ. ఈ మొత్తంలో స్విచ్ లైట్ అమ్మకాలూ కలిసే ఉన్నాయి. 2019 సెప్టెంబర్ 20న 199.99 డాలర్లకి వచ్చిన లైట్‌ని టీవీకి తగిలించడం కుదరదు. డాక్‌లో పట్టదు, పట్టినా బొమ్మ రాదు. పక్కల కంట్రోలర్లు ఊడవు. ఇంటికీ వీధికీ మధ్య మారడమే స్విచ్ అన్న పేరుకి ఆధారమైతే, ఈ తమ్ముడు ఏ మార్పూ చేయలేడు. కంపెనీ దాచిందేమీ లేదు, ఇది చేతిలో ఆడుకోవడానికే అని పెట్టె మీదే రాసింది. కానీ అదొచ్చాక ఈ కుటుంబం హోమ్ కన్సోల్ కుటుంబం అన్న వాదన ఎలా నిలబడుతుందో చెప్పేవాళ్లు లేరు. తమ్ముడి ఓటు కూడా అన్న ఖాతాలో రెండు ఊళ్లలోనూ పడుతూనే ఉంది.

ఈ విద్య నింటెండోకి నిన్న మొన్న అబ్బింది కాదు. 1983లో అమెరికాలో వీడియో గేమ్‌ల వ్యాపారం కుప్పకూలింది. గేమ్ అన్న మాట వింటేనే దుకాణాలవాళ్లు తలుపు వేసుకునే రోజులు. జపాన్‌లో ఫ్యామిలీ కంప్యూటర్ పేరుతో ఎర్రగా తెల్లగా బొమ్మలా ఉన్న పెట్టెని 1985లో అక్కడికి తీసుకెళ్లేముందు దానికి బూడిదరంగు చొక్కా తొడిగారు, క్యాసెట్‌ని వీసీఆర్‌లోలాగా ముందునుంచి తోసేలా మార్చారు, ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ అని పేరు పెట్టారు. వెంట రాబ్ అనే ప్లాస్టిక్ రోబోని కూడా పంపారు. ఆ రోబోతో ఆడే ఆటలు వచ్చినవే రెండు. దుకాణం తలుపు తెరిపించాక దాని ఉద్యోగం అయిపోయింది. 2004లో డీఎస్ వచ్చినప్పుడు కూడా ఇది గేమ్‌బాయ్‌కి వారసుడు కాదు, మూడో స్తంభం అన్నారు. డీఎస్ దెబ్బ తింటే గేమ్‌బాయ్ పేరు చెడకుండా ముందుజాగ్రత్త. డీఎస్ గెలిచింది, గేమ్‌బాయ్ స్తంభం చడీచప్పుడూ లేకుండా కూలిపోయింది, మూడో స్తంభం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇతరులు ఇంతకంటే మొరటుగా చేశారు. జపాన్ పీసీ ఇంజిన్‌ని 1989లో అమెరికాకి తెచ్చినప్పుడు టర్బోగ్రాఫిక్స్-16 అన్నారు. అందులో గ్రాఫిక్స్ చిప్పులు 16 బిట్లవే, ప్రధాన ప్రాసెసర్ మాత్రం 8 బిట్లది. 1993లో అటారీ జాగ్వార్ 64 బిట్లని డప్పు కొట్టింది, లెక్క వేసుకోండి అని ప్రకటనల్లో సవాలు కూడా చేసింది. జనం లెక్క వేసుకుని సెగా, సోనీ వైపు పోయారు. మన తెలుగు ఊళ్లలో 1990లలో ఫ్యామిలీ కంప్యూటర్‌కి నకళ్లు టీవీ గేమ్ పేరుతో వచ్చాయి. వాటి క్యాసెట్ల మీద ‘9999 ఇన్ 1’ అని రాసుండేది. పెడితే తెర మీద మారియో, కాంట్రా, డక్ హంట్, మళ్లీ మారియో రెండో లెవెల్ నుంచి, మళ్లీ కాంట్రా ముప్ఫై ప్రాణాలతో. మెనూలో పేజీలు తిప్పుతూ పోతే అవే పాతిక ఆటలు వేషాలు మార్చుకుని ఎదురొచ్చేవి. ఆ చీటీ అబద్ధమని పదేళ్ల పిల్లలకి మొదటి సాయంత్రమే తెలిసిపోయేది. పెద్దయ్యాక అదే పిల్లలు ‘అసాధ్యమైన పోర్టు’ని నమ్మడమే విచిత్రం.

పేరులో ఏముంది, ఆటలు బాగుంటే జనం కొంటారు, బాగోకపోతే ఏ చీటీ కాపాడదు అన్నది ఇంకో వాదన. గట్టి వాదనే. కానీ వీ యూ దీనికి ఒప్పుకోదు. 2012 నవంబర్‌లో వచ్చిన ఆ కన్సోల్‌ని చాలామంది పాత వీకి తగిలించుకునే కొత్త టాబ్లెట్ అనుకున్నారు. పేరు అలా ఉంది, ప్రకటనల్లో చూపించింది ఎక్కువగా ఆ టాబ్లెట్ కంట్రోలర్‌నే. ఇది కొత్త యంత్రమని జనానికి అర్థమయ్యేలా చెప్పలేకపోయామని అప్పటి అధ్యక్షుడు సతోరు ఇవాతా స్వయంగా ఒప్పుకున్నారు. మొత్తం మీద 1 కోటీ 36 లక్షలకి మించి అమ్ముడవలేదు. 2014లో దాని మీద వచ్చిన మారియో కార్ట్ 8 మాత్రం 84 లక్షలు దాటింది. అంటే ఆ పెట్టె ఉన్న ప్రతి పదిళ్లలో ఆరిళ్లు ఆ ఆట కొన్నాయి. ఆటలో లోపం ఉంటే ఈ లెక్క రాదు. 2017లో అదే ఆట కాసిన్ని చేర్పులతో స్విచ్ మీదికి వచ్చి 6 కోట్లు దాటింది. లోపలికొచ్చినవాళ్లు రెండుచోట్లా కడుపునిండా తిన్నారు. మొదటిచోట బోర్డు చదివి ఇది హోటలని ఎవరికీ అర్థం కాలేదు, అంతే తేడా.

అంతే తేడా అనడం కొంచెం తొందరపాటే. వీ యూ టాబ్లెట్ అసలు పెట్టెకి కొన్ని మీటర్ల దూరం దాటితే చచ్చుబడిపోయేది, పార్కు బెంచీ దాకా పోయే మాటే లేదు. బయటి కంపెనీల ఆటలు తొందరగానే ఆగిపోయాయి. చీటీ ఒక్కటే ఏ పెట్టెనీ ముంచదు, తేల్చదు. సోనీ వీటా పేరులో గందరగోళం ఏమీ లేదు, చిత్తశుద్ధిగా హ్యాండ్‌హెల్డ్ అనే చెప్పుకుంది, అయినా ఖరీదైన మెమరీ కార్డుల మోతతో, ఆటల కరువుతో మునిగింది. స్విచ్ నిలబడడానికి జెల్డా, మారియో, పోకెమాన్ కారణాలు. రెండు ఊళ్ల ఆటగాళ్ల కోసం విడివిడిగా పనిచేసిన తయారీ బృందాలు ఒకే పెట్టె మీదికి రావడం ఇంకా పెద్ద కారణం. చీటీ పని ఆ తర్వాత మొదలవుతుంది: గెలిచిన సరుకుకి ఎంత వసూలు చేయొచ్చో, ఏ తప్పుకి ఏ సాకు చెప్పొచ్చో అది నిర్ణయిస్తుంది.

ఈ మాట ఎంత నిజమో తెలుసుకోవడానికి వాల్వ్ కంపెనీ 2022 ఫిబ్రవరిలో తెచ్చిన స్టీమ్ డెక్ చాలు. చేతిలో పట్టేదే, మధ్యలో తెర, పక్కల మీటలు, కావాలంటే డాక్‌లో పెట్టి టీవీలో ఆడొచ్చు. రూపంలో స్విచ్‌కి పెదనాన్న కొడుకులా ఉంటుంది. వాల్వ్ దాన్ని పీసీ అంది. అంతే, అందరూ దాన్ని ల్యాప్‌టాప్‌లతో పోల్చడం మొదలుపెట్టారు, ఏ విండోస్ ఆట నడవదో జాబితాలు రాశారు, సెట్టింగుల్లో తలదూర్చారు. దాని బ్యాటరీ రెండు గంటల్లో అయిపోతే పీసీ కదా అని సర్దుకున్నారు. దాన్ని హైబ్రిడ్ కన్సోల్ అని ఏ సంఘమూ సన్మానించలేదు. ఇంకోవైపు మైక్రోసాఫ్ట్ చీటీని పూర్తిగా గాలికి వదిలేసింది. 2024 నవంబర్‌లో మొదలైన వాళ్ల ప్రచారంలో ఫోన్ చూపించి ఇది ఎక్స్‌బాక్స్ అన్నారు, టీవీ చూపించి ఇది ఎక్స్‌బాక్స్ అన్నారు, ల్యాప్‌టాప్ చూపించి ఇదీ ఎక్స్‌బాక్సే అన్నారు. అన్నీ అదే అయితే అసలు దాన్ని డబ్బిచ్చి ఎందుకు కొనాలో మాత్రం చెప్పలేదు. వన్, వన్ ఎస్, వన్ ఎక్స్, సిరీస్ ఎస్, సిరీస్ ఎక్స్ అని పేర్లు పెట్టి అమ్మమ్మల చేత మనవళ్లకి తప్పు పెట్టె కొనిపించగల కంపెనీకి ఇది సహజమైన ముగింపే.

చీటీ ఎప్పుడూ కంపెనీయే అంటించాలని కూడా లేదు. 2021లో స్విచ్ ప్రో వస్తోందని, 4కే బొమ్మ ఇస్తుందని నెలల తరబడి పుకార్లు. నింటెండో నోటి వెంట ప్రో అన్న మాట ఒక్కసారీ రాలేదు. జులైలో ఓలెడ్ తెర, గట్టి స్టాండు, మెరుగైన స్పీకర్లతో 349.99 డాలర్ల మోడల్ ప్రకటించేసరికి జనం మోసపోయినట్టు గగ్గోలు పెట్టారు. లేని పెట్టెకి తామే పేరు పెట్టుకుని, ఉన్న పెట్టె ఆ పేరుకి తగ్గట్టు లేదని తిట్టారు. ఓలెడ్ తెర నిజంగా బాగుంది. ఆ సంగతి చెప్పడానికి చాలామందికి ఏడాది పట్టింది.

మన దేశంలో స్విచ్‌ని నింటెండో అధికారికంగా విడుదల చేయలేదు. దుబాయ్ నుంచో సింగపూర్ నుంచో దిగుమతిదారులు తెచ్చినవి, డాలస్ నుంచి అల్లుడు సూట్‌కేసులో తెచ్చినవి మన ఇళ్లలో ఉన్నాయి. ఎమ్మార్పీ లేదు, కంపెనీ సర్వీస్ సెంటర్ లేదు, వారంటీ అంటే దుకాణదారుడి నోటిమాట. సరుకు రాకపోయినా చీటీ మాత్రం ఏ కస్టమ్స్ సుంకమూ లేకుండా యూట్యూబ్ మీదుగా దిగింది. అమెరికా ధర మీద ఎన్ని వేలు అదనంగా పోసి కొన్నామో ఆ వేల కొద్దీ వాదించే బాధ్యత కూడా పెరిగినట్టు, మన కుర్రాళ్లు ప్లేస్టేషన్ స్నేహితులతో అదే పాట పాడతారు: ధర అడిగితే హోమ్ కన్సోల్, గ్రాఫిక్స్ అడిగితే హ్యాండ్‌హెల్డ్.

2025 జూన్ 5న స్విచ్ 2 వచ్చింది. వీ యూ గుణపాఠం ఒంటబట్టింది కాబట్టి ఈసారి పేరులో మర్మమేమీ పెట్టలేదు, రెండోది కాబట్టి రెండు అన్నారు. ధర 449.99 డాలర్లు. ఆ రోజు అమెరికాలో డిస్కు లేని ప్లేస్టేషన్ 5 ధరతో సరిసమానం. దానితోపాటు వచ్చిన మారియో కార్ట్ వరల్డ్ 79.99. హోమ్ కన్సోళ్ల ఊళ్లో కూడా అప్పటికి మామూలు కాని బోర్డది. కొన్న యంత్రం ఎలా పనిచేస్తుందో చూపించే వెల్‌కమ్ టూర్ అనే పరిచయ ఆటకి విడిగా 9.99 పెట్టారు. ఇంటికి పిలిచి గుమ్మం దగ్గర టికెట్ కోసినట్టు. ఈసారి డాక్‌లో గాలితోపాటు ఆ గాలిని ఆడించే ఫ్యాను కూడా ఉంది, అంతమేరకి అభివృద్ధే.

స్విచ్ 2 ఆటల్లో కొన్ని గేమ్-కీ కార్డులుగా వస్తున్నాయి. కార్డు ఉంటుంది, పెట్టెలో పెట్టాలి, కానీ కార్డులో ఆట ఉండదు. అది తాళంచెవి మాత్రమే. ఆట మొత్తం ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి, దించుకున్నాక ఆడాలన్నా కార్డు పెట్టే ఉంచాలి. ఈ ముక్క పెట్టె ముందువైపు రాసుంటుంది, అట్ట అడుగున, ఒక పట్టీలో. కొనేవాడి జేబుకి, అరలో ఖాళీ జాగాకి, పదేళ్ల తర్వాత సర్వర్ మూతపడ్డ రోజుకి నేరుగా సంబంధం ఉన్న సమాచారం అదొక్కటే. ఆట బొమ్మ పెట్టె అంతా ఉంటుంది. పట్టీ ఎత్తు బొటనవేలు కప్పేస్తుంది, దుకాణంలో పెట్టెని చేతిలోకి తీసుకుంటే వేలు సరిగ్గా పడేదీ అక్కడే.